సూది సంగతి సువార్తమ్మకు చెప్పలేదు

ఒక మాటను లోపల పెట్టుకుని ఇన్నేళ్లు తిరిగాను. తిన్నాను, పనికి పోయాను, పాటలు పాడాను, ఎందరి తలల మీదో చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. ఆ మాట మాత్రం అరగలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే మళ్ళీ అబద్ధమే చెబుతానేమో. అలవాటైపోయింది.

నేను ఒకామెకు అబద్ధం చెప్పాను. ఆమె చనిపోయింది. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. చాలా ఉందని కొన్ని రోజులు అనుకుంటాను. ఏమీ లేదని మిగతా రోజులు.

మాది మార్కాపురం నుంచి త్రిపురాంతకం పోయే వైపు ఒక పల్లె. పేరు చెప్పను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి పలకల ఫ్యాక్టరీలో పని చేశాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది. నా పక్కన కూర్చుని అదే పని చేసే మనిషి సువార్తమ్మ. మా మేనమామ కూతురు, నాకు వదిన. నాకంటే పెద్దదైనా నన్ను కూడా వదినా అనే పిలిచేది. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు, మేరీ. మా ఇంటికి వాళ్ళ ఇంటికి మధ్య ఒక గోడే అడ్డం.

మొదట నాకు పెద్దపేగులో గడ్డ వచ్చింది. గుంటూరులో ఆపరేషన్ చేసి, కడుపు పక్కన సంచి పెట్టి పంపారు. కొన్ని నెలలు అన్నీ ఆ సంచిలోకే. ఎంత కడుక్కున్నా వాసన పోయేది కాదు. పోయినా పోలేదనే అనిపించేది. చర్చిలో నేను చాప మీద కూర్చుంటే పక్కవాళ్ళు మెల్లగా జరిగేవాళ్ళు. ఎవరూ ఒక్క మాట అనలేదు. జరిగేవాళ్ళు, అంతే. క్రిస్మస్ భోజనాల రోజు ఒకామె నాకు మంచినీళ్ళు పోస్తూ, చెంబు నా చేతికి తగలకుండా పైకెత్తి పట్టుకుంది. నీళ్ళు చేతుల్లో పడి మోచేతుల దాకా కారాయి.

సువార్తమ్మ మాత్రం జరగలేదు. నా బట్టలు ఉతికింది. సంచి మార్చడం నర్సు దగ్గర నేర్చుకుంది. నన్ను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి వీపు తుడిచేది. తుడిచాక అరచెయ్యి కాసేపు అక్కడే ఉంచేది. ఆ చెయ్యి అట్లా ఉండగానే నిద్రపోయేదాన్ని.

ఆ మనిషికే నేను చెప్పింది అబద్ధం.

సంచి తీసేశారు. బాగానే ఉన్నాననుకున్నాం. తర్వాత ఒక స్కానింగులో కుడి ఊపిరితిత్తిలో రెండు మచ్చలు కనిపించాయి. పేగులో జబ్బే అక్కడికి పాకిందన్నారు. ఊరంతా తెలిసిపోయింది. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, నా కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టించారు. జరిగి కూర్చున్న ఆడవాళ్ళే నా పేరు పట్టి ఏడ్చారు. వాళ్ళు ఏడుస్తుండగానే నేనూ మా ఆయనా హైదరాబాదు బస్సెక్కాం.

అక్కడి డాక్టరు చిన్నవాడు. మా ముందు తెల్లకాగితం మీద ఊపిరితిత్తి బొమ్మ గీసి చెప్పాడు. ఛాతీ కోయనక్కర్లేదన్నాడు. స్కానింగ్ మిషన్‌లో పడుకోబెట్టి, తెర మీద చూసుకుంటూ, పక్కటెముకల సందులో నుంచి సన్నటి సూది మచ్చ దాకా పంపుతారట. సూది మొన వేడెక్కి మచ్చనూ దాని చుట్టూ కాస్త మంచి కండనూ మాడ్చేస్తుందట. గాలి లీకై ఊపిరితిత్తి కొంచెం ముడుచుకోవచ్చు, ఎక్కువైతే గొట్టం పెడతాం, చాలామందిని ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తాం అన్నాడు. తర్వాత కొంచెం జ్వరం, దగ్గు, కళ్ళెలో రక్తపు చార ఉంటాయి, భయపడొద్దు. ఆయాసం ఎక్కువైతే మాత్రం ఆగకుండా రావాలి. ఇంకో మాట కూడా చెప్పాడు. "మొదటిసారి స్కాన్ తీస్తే ఆ చోటు ముందుకంటే పెద్దగా కనబడుతుందమ్మా. జబ్బు పెరిగిందని కంగారు పడకండి. అది కాలిన పుండు. నెలలు గడిచేకొద్దీ మెల్లగా మచ్చలాగా ముడుచుకుంటుంది. కానీ జబ్బు మళ్ళీ వేరే చోట రాదని నేను మాట ఇవ్వలేను. వస్తే మళ్ళీ చూసుకుందాం."

ఎంత స్పష్టంగా చెప్పాడో చూడండి. ఒక్క ముక్క మర్చిపోలేదు నేను. తెలియక చెప్పలేదని అనుకునే వీలు కూడా నాకు లేదు.

ఆ గదిలో చలి. బోర్లా పడుకోబెట్టారు. మత్తిచ్చారు గానీ పూర్తిగా తెలివి పోలేదు. మిషన్‌లో నుంచి ఒక ఆడగొంతు, ఊపిరి పీల్చండి, బిగపట్టండి, వదలండి అంటోంది. ఎంతో మర్యాదగా ఉంది ఆ గొంతు. ఆ మనిషి అసలు ఎక్కడైనా ఉందా, ఎప్పుడో ఈ మాటలు చెప్పేసి పోయిందా అని అనుకున్నట్టు గుర్తు. వీపులో ఏదో ఒత్తుతున్నట్టు తెలిసింది. తర్వాత లోపల వెచ్చబడింది. కాలుతున్నది నేనేనని తెలుసు. కాని అది పక్కింట్లో ఎవరికో జరుగుతున్నట్టు ఉంది.

డాక్టరు చెప్పినట్టే అన్నీ జరిగాయి. భుజం పీకింది, జ్వరం తగిలింది, కళ్ళెలో ఎరుపు కనిపించింది, కొంచెం గాలి లీకై దానంతటదే సర్దుకుంది. భుజం ఎముక కింద చీమ కుట్టినంత గాటు. అంతే. నా కాళ్ళ మీద నేను నడిచి బస్సెక్కి ఇంటికొచ్చాను.

బస్సు దిగేసరికి ఆడవాళ్ళు ఎదురొచ్చారు. నా ఒళ్ళు తడిమి చూశారు. కట్టు లేదు. కుట్లు లేవు. జుట్టు ఊడలేదు. ఎవరో గట్టిగా అరిచారు, "కత్తి పడకుండానే బాగు చేసినాడు దేవుడు!" అందరూ చప్పట్లు కొట్టారు. నేను నోరు తెరిచాను. ఇదిగో, ఇక్కడ ఆగి చాలాసార్లు చూసుకుంటాను నన్ను నేను. నోరు తెరిచింది నిజం చెప్పడానికేనా? అవుననే అనుకుంటాను. కానీ చెంబు పైకెత్తి పట్టుకున్న ఆమె గుంపులోంచి వచ్చి నన్ను కావలించుకుంది. ఆమె తల నా భుజం మీద ఉంది. నోరు మూసుకున్నాను.

ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం, అంటే దేవుడు నాకు చేసిన మేలు, చెప్పమన్నారు. దానికి ముందు అయ్యగారు మమ్మల్నిద్దరినీ పక్కకు పిలిచి నన్ను అడిగారు. "అమ్మా, డాక్టర్లు వైద్యమేమన్నా చేసినారా? చేసుంటే అది కూడా చెప్పు. అది కూడా ఆయన చేయించిందే." తలుపు తీసి పట్టుకుని లోపలికి రమ్మన్నట్టు అడిగారాయన. "పరీక్షలు చేసి పంపినారయ్యా," అన్నాను నేను. మా ఆయన నేల చూశాడు. ఇంటికొచ్చాక, "ఎందుకట్ల చెప్పినావు?" అన్నాడు. "నువ్వు నోరు తెరవొద్దు," అన్నాను. తెరవలేదు. పాపం, ఆ బరువు కూడా నేనే ఆయన మీద వేశాను.

సాక్ష్యం చెబుతున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ నా వైపే చూస్తున్నారు. పలకల దుమ్ములో కూర్చునే మనిషిని, సంచి మనిషిని. ఆ తర్వాత జనం రావడం మొదలుపెట్టారు. బిడ్డకు జ్వరమని, కోడలికి కడుపు నిలవలేదని, నా చెయ్యి తల మీద పెట్టించుకోవడానికి. నేను వండింది తిన్నారు. దేవుడి కోసం చెప్పానని అప్పట్లో నన్ను నేను నమ్మించుకున్నాను. కాదు. వాళ్ళు నా పక్కన కూర్చోవాలని చెప్పాను. అంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు.

సువార్తమ్మకు అప్పటికే కిడ్నీలో గడ్డ వచ్చి, ఆ కిడ్నీ తీసేశారు. ఆ సంగతి అందరూ మర్చిపోయిన తర్వాత దగ్గు మొదలైంది. మేరీ మార్కాపురంలో బట్టల షాపులో పనిచేసేది. వాళ్ళమ్మను తీసుకెళ్ళి స్కానింగ్ తీయించింది. ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చలు. నాలాగే. డాక్టర్లు ఆమెకు కూడా అదే మాట చెప్పారు, సూది పెట్టి కాల్చొచ్చని. రమ్మని రోజు కూడా ఇచ్చారు.

ఒక మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. నేను చేటలో కందులు చెరుగుతున్నాను. ఎదురుగా గడప మీద కూర్చుంది.

"వదినా, నీకొచ్చిందే నాకూ వచ్చింది. సూది గుచ్చి లోపల కాలుస్తారంట. వింటేనే భయమేస్తోంది. నీకు హైదరాబాదులో అట్ల ఏమన్నా చేసినారా?"

"నాకేం చేయలేదు వదినా. పరీక్షలు చేసి పంపినారు."

"నిజంగానా?"

"నీకాడ అబద్ధమెందుకు చెప్తా?"

ఆమె చాలాసేపు నా ముఖం చూసింది. నా ముఖంలో ఆమెకేం కనబడిందో నాకు తెలియదు.

"అయితే నేను కూడా పోను. ప్రాణముండగానే కాల్చుకోవడమేంది? నీకు చేసిన దేవుడు నాకు చేయడా?"

"చేస్తాడు," అన్నాను.

అప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. చెవిలో చెబితే సరిపోయేది. "నాకూ చేసినారు, నొప్పి పెద్దగా లేదు, పో," అని. ఊరికి తెలియాల్సిన పని కూడా లేదు. ఆమె ఎవరికీ చెప్పేది కాదు. నా సంచి సంగతులు ఎన్ని దాచిపెట్టింది! మరెందుకు చెప్పలేదు? ఆమె కూడా నన్ను వేరేగా చూడటం మొదలుపెట్టింది కాబట్టా? నా వీపు తుడిచిన మనిషి ఆ రోజు పోతూ పోతూ నా చెయ్యి తన తల మీద పెట్టమని అడగడం నాకు బాగుందా? రాయడానికి సిగ్గేస్తోంది. బాగుంది.

డాక్టర్లు ఇచ్చిన రోజు దగ్గర పడినప్పుడు మేరీ వచ్చి బతిమాలింది. "అత్తా, అమ్మ నా మాట వినదు. నువ్వు చెప్తే పోతాది." నేనేమన్నానో తెలుసా? "అమ్మ ఇష్టం మేరీ. విశ్వాసం దగ్గర బలవంతం చేయకూడదు." ఆ రోజు దాటిపోయింది.

కొన్నాళ్ళు ఆమె బాగానే ఉంది. నాకు ధైర్యం కూడా వచ్చింది. నిజంగానే తగ్గుతుందేమో అనుకున్నాను. తర్వాత వానాకాలం నుంచి ఆయాసం. మేరీ బలవంతాన తీసుకెళ్ళేసరికి మచ్చలు లెక్కకు మించి ఉన్నాయి, పెద్దవైపోయాయి. ఇక సూదితో పని కాదన్నారు. ముందు వచ్చి ఉంటే బతికేదా అని మేరీ అడిగితే, చెప్పలేమమ్మా, కొంతకాలం ఆగేదేమో, అన్నారట. ఆ 'ఏమో' లోనే నేను కాపురముంటున్నాను.

ఆమె పడుకోలేకపోయేది. స్టూలు మీద దిండు పెట్టుకుని ముందుకు వాలి కూర్చునేది. గోడ ఇవతల నుంచి ఆమె ఊపిరి నాకు వినిపించేది. తడిసిన గోనెసంచిని నేల మీద ఈడుస్తున్నట్టు ఉండేది. ఒకరోజు మేరీ మందుల కోసం మార్కాపురం పోతూ నన్ను కూర్చోమంది. నేను ప్రార్థన మొదలుపెట్టాను. సువార్తమ్మ చెయ్యెత్తి ఆపింది.

"వదినా, అట్ల తిరుగు."

ఎందుకో అడగకుండా తిరిగాను. ఆమె అరచెయ్యి నా వీపు మీద పెట్టింది. వెతకలేదు. తడమలేదు. నేరుగా కుడి భుజం ఎముక కింద, ఆ గాటు ఉన్న చోట. అది రవిక కింద ఉంది. మా ఆయన తప్ప ఇంకెవరూ దాన్ని చూడలేదు. ఆమె వేళ్ళు మంచులా ఉన్నాయి.

"ఈడ వెచ్చగుంది," అంది.

వెనక్కి తిరగలేకపోయాను. ఆమె చెయ్యి తీయలేదు. కాసేపటికి నేను గమనించింది ఏమిటంటే, ఆమె ఊపిరితో పాటే నేనూ పీలుస్తున్నాను, ఆమె ఆగినప్పుడు నేనూ ఆగుతున్నాను. మేరీ వచ్చేదాకా అట్లాగే ఉన్నాం. ఆమెకు తెలిసిందా? ఎప్పుడు తెలిసింది? గడప మీద కూర్చున్న రోజే తెలుసా? అడగాల్సిన మనిషిని నేనే. అడగలేదు. ఆ వారంలోనే పోయింది.

సమాధి దగ్గర నన్నే పాడమన్నారు. పాడాను.

ఆ తర్వాత మేరీ ఇల్లు తాళం పెట్టి మార్కాపురంలో గది తీసుకుంది. ఆ ఇల్లు ఖాళీ. వంట చేసుకుని, ఎండ ముదిరి వీధి నిశ్శబ్దమయ్యాక కూర్చుంటే నాకు దగ్గొస్తుంది. నా దగ్గు అయిపోయాక గోడ అవతల ఇంకో దగ్గు. అది ప్రతిధ్వనని మా ఆయన అన్నాడు. ఖాళీ ఇల్లు కదా, గొంతు తగిలి తిరిగి వస్తుందన్నాడు. అయ్యుంటుంది. ఒకరోజు నేను దగ్గకుండానే వినిపించింది. ఆయన ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నా వైపు చూశాడు. అప్పటి నుంచి ఆయన ప్రతిధ్వని మాట ఎత్తలేదు.

స్కానింగుకు పోయినప్పుడల్లా డాక్టరు తెర మీద నా ఊపిరితిత్తి చూపించేవాడు. ఆయన చెప్పినట్టే మొదట పెద్దగా ఉన్న చోటు తగ్గుతూ వచ్చింది. మధ్యలో చిన్న గుంత. "లోపల ఖాళీ ఏర్పడిందమ్మా, అదీ మూసుకుంటుంది," అన్నాడు. నాకు మాత్రం తలుపు వేసున్న గదిలా కనిపించింది. అందులో ఎవరో స్టూలు మీద ముందుకు వాలి కూర్చున్నట్టు. ఇది పిచ్చని నాకు తెలుసు. మీకు చెబుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

ఆ తర్వాత ఎడమవైపు కొత్త మచ్చ వచ్చింది. ఊళ్ళో కనిగిరి చుట్టాలింటికి పోతున్నామని చెప్పి మళ్ళీ హైదరాబాదు పోయాం. మళ్ళీ ఆ చలి గది, బోర్లా పడుకోవడం, మత్తు. ఈసారి నాకు భయం ఎక్కువైంది. ఒళ్ళంతా వణుకుతోంది. అప్పుడు ఎవరో నా వీపు మీద అరచెయ్యి పెట్టారు. సూది పెట్టేవైపు కాదు, కుడివైపు, పాత గాటు మీద. చల్లటి చెయ్యి. వణుకు ఆగిపోయింది. పని అయ్యేదాకా ఆ చెయ్యి కదల్లేదు.

బయటికి తెచ్చాక నర్సును అడిగాను. "పట్టుకున్నది నువ్వేనా తల్లీ?"

"ఎవరు పట్టుకున్నారు ఆంటీ? ఫోటో తీసేటప్పుడు అందరం బయటికి వెళ్ళిపోతాం. మీరొక్కరే ఉంటారు," అంది.

మత్తులో అట్లా అనిపిస్తుందని మా ఆయన అన్నాడు. కావచ్చు. ఆమె నన్ను పీడించి ఉంటే, గొంతు నొక్కి ఉంటే, నాకు తేలిగ్గా ఉండేది. ఆ చేతిలో కోపం లేదు. సంచి మార్చిన రోజుల్లో ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది. దాన్నే నేను తట్టుకోలేకపోయాను.

అయినా చెప్పలేదు. ఇంటికొచ్చి మళ్ళీ తలల మీద చేతులు పెట్టాను. ఈమధ్య బేస్తవారిపేట నుంచి ఒకతను భార్యను తీసుకుని వచ్చాడు. ఆమెకు రొమ్ములో గడ్డ. నేను చెయ్యి పెట్టబోతుంటే అతను అన్నాడు, "సోమవారం ఆపరేషన్‌కు రమ్మన్నారమ్మా. మీరు ప్రార్థన చేస్తే మానుకుందామని వచ్చినాం." నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"పోండి. సోమవారం పోండి," అన్నాను. "ప్రార్థన చేయరా?" అన్నాడు. "పోండి ఇక్కడి నుంచి," అని అరిచాను. ఆమె ఏడుస్తూ లేచింది. వాళ్ళు ఆపరేషన్‌కు పోయారో, ఇంకో చోట ప్రార్థనకు పోయారో నాకు తెలియదు.

మర్నాడే మార్కాపురం వెళ్ళాను. మేరీ గది తాలూకా ఆఫీసు వెనక సందులో. పెళ్ళయింది, చంకలో పాప ఉంది. గుమ్మంలో నిలబడే చెప్పాను. నాకు సూది పెట్టి కాల్చారని, రెండుసార్లని, మీ అమ్మ అడిగితే లేదన్నానని. చెప్పడం ఇంత త్వరగా అయిపోతుందని నాకు తెలియదు.

మేరీ ఏడవలేదు. తిట్టలేదు. పాపను ఇంకో చంకకు మార్చుకుంది. ఒకటే అడిగింది.

"నొప్పేసిందా అత్తా?"

"లేదమ్మా. పెద్దగా లేదు."

"అమ్మ ఆ ఒక్క దానికే భయపడింది," అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. గట్టిగా వేయలేదు. మెల్లగా, గడియ చప్పుడు మాత్రం వినబడేట్టు.

ఆమె నన్ను క్షమించలేదు. నేను అడగలేదు. చర్చిలో ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో మీకు మాట ఇవ్వను, నా మాట ఎట్లాంటిదో చూశారు కదా.

బస్టాండుకు వచ్చి బల్ల మీద కూర్చుంటే ఏడుపు ఆగలేదు. పక్కన గిద్దలూరు బస్సు కోసం చూస్తున్న ఒకామె, బురఖాలో ఉంది, నా మోచెయ్యి తాకింది.

"ఏమైంది అక్కా, ఎందుకేడుస్తున్నావు?"

"నాకు ఊపిరితిత్తుల్లో కేన్సర్ వచ్చింది. హైదరాబాదులో సూది పెట్టి కాల్చినారు," అన్నాను.

"అయ్యో. తగ్గిందా మరి?"

"ఇప్పటికైతే తగ్గింది."

"అట్లనా," అంది ఆమె. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి నా చేతిలో పెట్టింది. ఇంతలో ఆమె బస్సు వచ్చింది. ఉంచుకోమని చెప్పి ఎక్కేసింది. నేను మూత తీసి తాగాను. ఊరి బస్సు ఎప్పుడో వచ్చి పోయినట్టుంది, చూసుకోలేదు. ఏడుపు మాత్రం ఆగిపోయి ఉంది.